పక్క గుమ్మంలో పందెం

అమెరికాలో కాలేజీ ఆటగాణ్ణి వెతుక్కుంటుంది, వెంటపడుతుంది, మెయిళ్లు రాస్తుంది, క్యాంపస్‌కు పిలిచి ఒక రాత్రి తన జట్టు కుర్రాళ్ల గదిలో పడుకోబెడుతుంది, "నీలాంటివాడు మాకు కావాలి" అంటుంది. అంతా అయ్యాక బిల్లు ఆటగాడి తండ్రికి పంపుతుంది.

ఈ ఏర్పాటు పేరు డివిజన్ త్రీ. అక్కడి కాలేజీ ఆటల మీద పెత్తనం చేసే ఎన్‌సీఏఏ 1973లో తన సభ్యులను మూడు తరగతులుగా విడగొట్టింది. మొదటి తరగతి మనకు టీవీలో కనిపించేది. లక్ష మంది పట్టే స్టేడియాలు, కోచ్‌లకు కోట్ల జీతాలు, 2025 నుంచి ఆటగాళ్లకూ ఆదాయంలో వాటా. మూడో తరగతిలో దాదాపు 440 కాలేజీలున్నాయి, మూడింటిలోకీ పెద్దది ఇదే. ఇందులో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడం నిషేధం. ఒక్క సెంటు కూడా ఇవ్వకూడదు. ఆటను ఆటగా ప్రేమించేవాళ్లకే ఇక్కడ చోటు అంటారు. ప్రేమ అన్నాక ఖర్చు ఎవరిదని అడగకూడదు గదా.

స్కాలర్‌షిప్ లేదు సరే, సంబరం కూడా లేకపోతే ఎలా? అందుకని ఎన్‌సీఏఏ వారే ఒక ఫారం తయారుచేసి పెట్టారు. ఉత్సవ సంతకాల పత్రం. సీటు వచ్చిన పిల్లాడు హైస్కూల్ జిమ్ములో బల్ల ముందు కూర్చుని, అమ్మానాన్నల మధ్య, కాలేజీ టోపీ పెట్టుకుని దాని మీద సంతకం చేస్తాడు. ఆ సంతకం కాలేజీని దేనికీ కట్టిపడేయదు, పిల్లాణ్ణీ కట్టిపడేయదు. ఫొటోకు పనికొస్తుంది. ఆ ఫొటో వాట్సాప్‌లో గుంటూరు చేరేసరికి "మనవడికి అమెరికాలో స్పోర్ట్స్ సీటు, ఫుల్ స్కాలర్‌షిప్" అయి కూర్చుంటుంది. తాతగారు నలుగురికీ చెప్పుకుంటారు. తండ్రి సరిదిద్దడు. సరిదిద్దాలంటే అసలు ఫీజెంతో చెప్పాలి మరి.

ఫీజు సంగతి తర్వాత. ముందు సరుకు చూద్దాం.

చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సాధారణంగా రెండు వేల మంది పిల్లలు, కొండల మధ్య ఒక ఊరు, ఇటుక మేడలు, పచ్చిక. క్లాసులో పదిహేను మంది. పాఠం ప్రొఫెసరే చెబుతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, పేపరు తనే దిద్దుతాడు. వీటిలో కలవారి ముఠా ఒకటుంది, నెస్కాక్ అంటారు. 1971లో జట్టుకట్టిన ఈ గుంపులో ఇప్పుడు పదకొండు కాలేజీలు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, బోడిన్, మిడిల్‌బరీ, వెస్లియన్ వంటివి. మేం చదువుకే పెద్దపీట వేస్తాం, ఆట పక్కవాద్యం అని వీళ్ల మాట. పక్కవాద్యం పాతదే. అమెరికాలో కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి బేస్‌బాల్ ఆట 1859 జులై 1న మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో ఆమ్‌హర్స్ట్‌కూ విలియమ్స్‌కూ మధ్యనే. ఆమ్‌హర్స్ట్ 73–32తో గెలిచింది. ఉత్త బంతాటేనా అనుకున్నారేమో, చదరంగం పోటీ కూడా పెట్టారు. అందులోనూ ఆమ్‌హర్స్టే.

ఇక ఆ పక్కవాద్యం చప్పుడు ఎంతో వినండి. లక్షా ఏడు వేల మంది పట్టే స్టేడియం ఉన్న మిషిగన్ యూనివర్సిటీలో కాలేజీ జట్లలో ఆడేవాళ్లు నూటికి ముగ్గురు కూడా ఉండరు. చదువుకే పెద్దపీట అనే ఈ కొండ కాలేజీల్లో పిల్లల్లో దాదాపు మూడోవంతు జట్టు ఆటగాళ్లే. లెక్క సులువు. రెండు వేల మందిలోంచే ముప్ఫై జట్లు కట్టాలి. ఫుట్‌బాల్‌కు డెబ్భై ఎనభై మంది కావాలి, పడవకు ఎనిమిది మందీ వాళ్ల ముందు కూర్చుని అరిచేవాడూ కావాలి. దరఖాస్తులు చదివి మేధావులను ఏరుకుంటూ పోతే గోల్‌కీపర్ దొరుకుతాడని నమ్మకమేముంది? అందుకని గోల్‌కీపర్‌ను ముందే వెతికి పెట్టుకుంటారు.

ఆ వెతుకులాటకు ఒక పద్ధతుంది. పదకొండో తరగతి అయిపోయిన వేసవిలో కోచ్ పిల్లాడి మార్కులు, శాట్ స్కోరు తీసుకెళ్లి అడ్మిషన్ల ఆఫీసులో చూపిస్తాడు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. ఊళ్లో పిల్లలంతా ఇంకా వ్యాసాలకు విషయం కోసం తల గోక్కుంటుంటే ఈ పిల్లాడి జాతకం జులైలోనే తేలిపోతుంది. పచ్చజెండా ఊపితే కోచ్ ఫోన్ చేసి, నీకు నా మద్దతు ఉంది, ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు పెట్టు అంటాడు. ఎర్లీ డెసిషన్ అంటే, సీటిస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇంకో కాలేజీ ఏమిస్తుందో చూసి బేరమాడే అవకాశం అక్కడితో సరి. కోచ్ మాట మాత్రం మాటే, కాగితం కాదు. కట్టుబడేది పిల్లాడు, కట్టేది తండ్రి.

ఇదంతా నా కడుపుమంట అనుకుంటారేమో. ఆమ్‌హర్స్ట్ కాలేజీ తానే ఒక కమిటీ వేసుకుని 2017 మొదట్లో నివేదిక బయటపెట్టింది. ఏటా చేరే అయిదొందల లోపు మందిలో 67 సీట్లు ఆట బలం గట్టిగా పనిచేసేవాళ్లకని అందులో ఉంది. వాళ్లు కాక, చదువులోనూ బాగున్న ఆటగాళ్లకు కోచ్ గుర్తు పెట్టుకునే సీట్లు మరికొన్ని. ఆటగాళ్లలో తెల్లవాళ్లు ఎక్కువనీ, తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు తక్కువనీ కూడా ఆ నివేదికే ఒప్పుకుంది. నిజాయితీకి మెచ్చుకోవాల్సిందే. ఇదే కాలేజీ 2021లో పూర్వవిద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపే ఆచారాన్ని ఎత్తేసింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. తాత చదివాడని సీటివ్వడం అన్యాయం అని తేలింది. తాత కొనిచ్చిన స్క్వాష్ రాకెట్ తిప్పాడని ఇవ్వడం ప్రతిభ.

ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి అధ్యక్షుడిగా చేసిన విలియమ్ బోవెన్ ఈ సంగతిని లెక్కలతో సహా 2001లో ఒకసారి, 2003లో మరోసారి పుస్తకాలుగా రాశాడు. పేరున్న కాలేజీల్లో ఆట కోసం తెచ్చుకున్న పిల్లలకు అడ్మిషన్లో దక్కే మొగ్గు చాలా పెద్దదనీ, లోపలికి వచ్చాక వాళ్లలో చాలామంది తమ స్కోర్లను బట్టి రావాల్సిన మార్కులు కూడా తెచ్చుకోవడం లేదనీ చూపించాడు. ఆ పుస్తకాలు ఆ కాలేజీల లైబ్రరీల్లోనే ఉంటాయి. ఎవరికీ వాటివల్ల నిద్ర చెడలేదు.

ఏ ఆటలకు ఈ మొగ్గు? సందులో టైరు దొర్లించిన ఆటలకు కాదు. స్క్వాష్, రోయింగ్, సెయిలింగ్, లాక్రాస్, గోల్ఫ్, ఫెన్సింగ్, స్కీయింగ్. ఈ పట్టికలో పేదవాడు సరదాగా నేర్చుకోగలిగింది ఒక్కటి చూపించండి. స్క్వాష్‌కు కోర్టున్న క్లబ్బు కావాలి, సెయిలింగ్‌కు సముద్రమే కావాలి. హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ 1998 నుంచి 2012 దాకా స్క్వాష్‌లో వరసగా 252 మ్యాచ్‌లు గెలిచింది. ఆ జట్టు కోసం కోచ్ ఇండియాతో సహా దేశదేశాల నుంచి కుర్రాళ్లను తెచ్చుకున్నాడు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు పొలం గట్ల మీంచి వెళ్లలేదు, క్లబ్బుల్లోంచి వెళ్లారు.

ఇక్కడ మనవాళ్ల ప్రవేశం.

న్యూజెర్సీలో ఉండే తెలుగు తండ్రికి ఆటలంటే పడదు. తన చిన్నప్పుడు ఇంటర్లో క్రికెట్ బ్యాటు పట్టుకున్నందుకు నాన్న చేతిలో దెబ్బలు తిన్నవాడు. పదేళ్ల కూతురికి ఇప్పుడు ఫెన్సింగ్ నేర్పిస్తున్నాడు. ఎందుకయ్యా అంటే పిల్లకు ఇష్టం అంటాడు. పిల్లకు డ్రాయింగ్ ఇష్టం. కానీ డ్రాయింగ్‌కు కోచ్ ఉండడు, కోచ్‌కు అడ్మిషన్ల ఆఫీసులో మాట ఉండదు. శనివారం కూచిపూడి మానిపించి, ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలు కారు తోలి ఎక్కడో హోటల్లో దిగి, అల్పాహారానికి పులిహోర డబ్బా విప్పి, పొడుగాటి కత్తుల సంచీ మోసుకుంటూ టోర్నమెంటుకు వెళ్తాడు. అక్కడ పార్కింగ్‌లో ఇంకో పది తెలుగు కుటుంబాలు. ఒకరికొకరు నవ్వుకుంటారు. ఎవరి కోచ్ ఎవరో ఎవరూ చెప్పరు.

సీటు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. విజయవాడ నుంచి బావమరిది ఫోన్.

"ఏ కాలేజీ బావా?"

"వాసర్ రా."

"ఎప్పుడూ విన్లేదే. హార్వర్డ్ రాలేదా?"

"హార్వర్డ్ కంటే చిన్నది. చిన్నదంటే గొప్పదే. అమెరికాలో ర్యాంకుల్లో మొదటి వరస."

"ఇంజనీరింగ్ ఉందా?"

"లేదు. కంప్యూటర్ సైన్స్ ఉంది. గొర్రెల మేత మైదానం కూడా ఉంది."

"పోన్లే బావా, ఎమ్మెస్‌కి మంచి దాంట్లో వేద్దువులే."

ఏడేళ్లు కత్తులు మోసిన మనిషికి ఈ ఓదార్పు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనవాళ్లకు పుట్టుకతో వచ్చే ఆట ఒకటుంది గదా, అది పెట్టి సీటు తెచ్చుకోకూడదా అంటారా? ప్రయత్నించవచ్చు. ఫిలడెల్ఫియా పక్కన హేవర్‌ఫర్డ్ అనే చిన్న కాలేజీ ఉంది. క్రికెట్‌ను అధికారిక జట్టుగా నడిపే కాలేజీ అమెరికా మొత్తానికి అదొక్కటే. పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఆడుతున్నారు, క్రికెట్ పుస్తకాలకు ప్రత్యేకంగా లైబ్రరీ కూడా ఉంది. నాకు ఈ కాలేజీ మీద నిజంగానే ముచ్చట. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో వారాంతం లీగుల్లో బౌలింగ్ చేస్తున్న వేలాది తెలుగు కుర్రాళ్లకు దేశం మొత్తం మీద ఒక్క కాలేజీ పచ్చిక. అదే తెడ్డు పట్టుకుంటే డజన్ల కొద్దీ కాలేజీలు. అందుకే గోదావరి ఒడ్డున పుట్టి జన్మలో పడవ తెడ్డు ముట్టనివాడు కొడుకును న్యూజెర్సీ కాలువలో తెల్లవారి అయిదింటికి దింపుతున్నాడు.

కోచ్‌కు మెయిలు పిల్లలే రాయాలి, తల్లిదండ్రులు దూరంగా ఉండాలి అని ప్రతి సలహాదారూ చెబుతాడు. కాబట్టి తండ్రి పిల్లాడి పేరుతో రాస్తాడు. పదహారేళ్లవాడి గొంతు తెచ్చుకోవడానికి నానా తంటాలు పడి చివరికి, "గౌరవనీయులైన కోచ్ గారికి, మీ జట్టు సంస్కృతి నన్ను మిక్కిలి ఆకర్షించినది" అన్న ధోరణిలో తేలుస్తాడు. కోచ్‌లు ఇలాంటివి వందలు చూసి ఉంటారు. మర్యాదస్తులు కాబట్టి పిల్లాడికే జవాబు రాస్తారు. ఆ జవాబును ముందుగా తెరిచేది ఎవరో వాళ్లకు తెలియక కాదు.

ఇంకాస్త చొరవ ఉన్నవాళ్లు ఏం చేస్తారో 2019 మార్చిలో అమెరికా మొత్తం చూసింది. రిక్ సింగర్ అనే సలహాదారు కలవారికి ఒక సిద్ధాంతం చెప్పేవాడు. ముందు గుమ్మం అంటే పిల్లాడు చదివి వెళ్లడం. దొడ్డిదారి అంటే భవనాలకు కోట్ల విరాళం, అయినా గ్యారంటీ లేదు. తనది పక్క గుమ్మం. చవక, ఖాయం. ఆ గుమ్మం ఏదంటే కోచ్‌కు ఉన్న సీట్లు. కోచ్‌లకు లంచం, ఆడని పిల్లలకు ఆటగాళ్లన్న ముద్ర. ఒక నటీమణి కూతుళ్లను వ్యాయామం తెడ్ల యంత్రం మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఒక వ్యాపారి వాటర్ పోలో సామాను ఆన్‌లైన్లో తెప్పించి, ఇంటి ఈతకొలనులో కొడుకును నిలబెట్టి ఫొటో తీయించి, దానికి మెరుగులు దిద్దించాడు. యాభై మందికి పైగా కేసుల్లో ఇరుక్కున్నారు. సింగర్‌కు 2023లో మూడున్నరేళ్ల జైలు పడింది.

అందులో ఇరుక్కున్నవి పెద్ద యూనివర్సిటీలు, మన కొండ కాలేజీలు కావు. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది మోసం కాదు. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ల కథలు విన్న ఊరినుంచి వచ్చినవాళ్లం, మనకు అదేం కొత్త? మోసగాళ్లు దూరిన ఆ గుమ్మం అసలెందుకు ఉందని ఒక్క కోర్టూ అడగలేదు. నిజంగా తెడ్డేసే కోటీశ్వరుడి కొడుకు అదే గుమ్మంలోంచి దర్జాగా వెళ్తాడు. తేడా ఒక్కటే. వాడి తండ్రి పదేళ్ల పాటు కోచింగుకు కట్టాడు, వీడి తండ్రి ఒకేసారి కట్టాడు.

ఇదంతా గొప్పింటి గొడవ. చిన్నింటి గొడవ ఇంకోలా ఉంటుంది.

పేరులేని చిన్న కాలేజీలకు పిల్లలు దొరకడం లేదు. పద్దెనిమిదేళ్లవాళ్ల సంఖ్య తగ్గుతోంది, హాస్టల్ మంచాలు ఖాళీ. మిషిగన్‌లోని అడ్రియన్ కాలేజీకి 2005లో వచ్చిన అధ్యక్షుడు జెఫ్రీ డాకింగ్ ఒక మందు కనిపెట్టాడు. ఆట మైదానాలు కట్టు, కొత్త కొత్త జట్లు పెట్టు, ప్రతి కోచ్‌కూ ఏడాదికి ఇంతమంది పిల్లలను తేవాలని ఒక లెక్క ఇవ్వు. కొన్నేళ్లలోనే విద్యార్థులు దాదాపు రెట్టింపయ్యారు. ఈ కిటుకుతో చిన్న కాలేజీలను కాపాడవచ్చని 2015లో ఆయన పుస్తకమే రాశాడు. ఆ కాలేజీకి చేపలు పట్టే జట్టు కూడా ఉంది, జాతీయ పోటీల్లో గెలుస్తుంది కూడా. కొల్లేటి పిల్లలకు ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట చెప్పలేదు.

కాబట్టి అలాంటి కాలేజీ కోచ్ మీ అబ్బాయి వీడియో చూసి "అద్భుతం" అన్నాడంటే, అతను ఆట చూశాడో ఖాళీ మంచం చూశాడో మీకెలా తెలుస్తుంది? జట్టులో అరవై మంది, ప్రయాణం బస్సులో ముప్ఫై. మిగతా ముప్ఫై మంది కూడా పూర్తి హాస్టల్ ఫీజు కడుతూనే ఉంటారు. ఫీజంటే, చీటీ మీద ఒక ధర, కట్టేది ఇంకో ధర. ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకు ఇచ్చే తగ్గింపు సగటున సగం దాటిపోయింది. కూకట్‌పల్లి చీరల దుకాణం ఆషాఢంలో ఇంతకంటే మొహమాటపడుతుంది. ఆటకు ఇవ్వకూడదు కాబట్టి ఆ తగ్గింపుకు "నాయకత్వ పురస్కారం" అనో "అధ్యక్షుల అవార్డు" అనో పేరు. తండ్రి ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టిస్తాడు.

మందు పనిచేయని చోట్ల ఏమవుతుందో కూడా చూశాం. అలబామాలోని బర్మింగ్‌హమ్-సదరన్ కాలేజీ 1856లో పుట్టింది. అప్పుల్లో మునిగి, రాష్ట్రం రుణం ఇవ్వక, 2024 మే 31న మూతపడింది. ఆ ఏడాది దాని బేస్‌బాల్ జట్టు డివిజన్ త్రీ జాతీయ పోటీలకు చేరింది. కాలేజీ తలుపులు మూసిన రోజే ఒహాయోలో ఆ కుర్రాళ్లు మొదటి మ్యాచ్ ఆడి ఓడారు. మర్నాడు, లేని కాలేజీ తరఫున, గెలిచారు. ఆ తర్వాతి రోజు ఓడి ఇంటిముఖం పట్టారు. కోచ్‌ను అడగాల్సిన ప్రశ్నల పట్టికలో "మీ లెక్కల పుస్తకం ఎలా ఉంది?" అన్నది ఎవరూ రాయరు. నేను రాస్తాను, అదే మొదటిది.

అన్నీ తిట్లే అంటే నాకూ బాగుండదు. ఈ డివిజన్ త్రీలో ఒక మంచి ఉంది, దాని గురించి బ్రోషర్లలో మాత్రం ఉండదు. ఎప్పుడైనా మానేయవచ్చు. డివిజన్ వన్‌లో ఆట వదిలితే స్కాలర్‌షిప్ పోతుంది. ఇక్కడ ఆటకు డబ్బే ముడిపడి లేదు కాబట్టి, రెండో ఏడాదిలో పిల్ల తన కత్తి గోడకు తగిలించి, మట్టి కుండలు చేసే క్లాసులో చేరితే ఎవరూ ఏమీ చేయలేరు. సాయంత్రం ల్యాబ్ ఉంటే ప్రాక్టీసు ఆగుతుందని ఇక్కడ నిజంగానే చెప్పగలిగే కోచ్‌లున్నారు. నిజంగా పేదింటి పిల్లలు ముందు గుమ్మంలోంచి వస్తే విలియమ్స్ లాంటి చోట్ల చేసే సాయమూ పెద్దదే. 2022 నుంచి అక్కడ సాయమంతా అప్పు లేకుండా ఉచితమే. ఓడిపోయే హక్కు కూడా ఉంది. కాల్‌టెక్ కుర్రాళ్లు తమ లీగులో 26 ఏళ్లపాటు 310 బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు వరసగా ఓడి, 2011 ఫిబ్రవరిలో ఆక్సిడెంటల్ అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ మీద ఒక్క పాయింటుతో గెలిచారు. కోర్టు నిండా జనం దూకారు. అన్నేళ్లూ ఆడినవాళ్లు ఎందుకు ఆడారంటారు? ఆట కోసమే అయ్యుంటుంది. ఈ ఒక్క జట్టు విషయంలో నేను బ్రోషర్‌ను నమ్ముతాను.

మన తండ్రికి మాత్రం ఈ మానేసే హక్కు వినగానే చెమటలు పడతాయి. ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టుపక్కల ఖర్చు. నాలుగేళ్లకు మన రూపాయల్లో మూడు కోట్ల పైమాట. సాఫ్ట్‌వేర్ జీతాలు రెండున్న ఇంటికి అవసరం చూసి ఇచ్చే సాయం పెద్దగా రాదు. అన్నీ కట్టి, ఏడేళ్లు హోటళ్లలో పడుకుని, మోకాళ్ల నొప్పులు తెచ్చుకుని, చివరికి పిల్ల కుండలు చేస్తానంటే?

ఈ వ్యవహారంలో ముదిరిన కోచ్‌లు, సలహాదారులు అందరూ చెప్పే ఒక పరీక్ష ఉంది. మొదటి రోజే కాలు విరిగి మళ్లీ ఎప్పటికీ ఆడలేకపోతే, అప్పుడు కూడా ఈ కాలేజీలోనే ఉండాలనిపిస్తుందా? అవునంటే చేరు, కాదంటే వద్దు. ఈ ప్రశ్న పిల్లను అడిగితే ఆలోచించి, లైబ్రరీ బాగుంది, ఉంటాను అనవచ్చు. లేదా, అక్కర్లేదు, ఇంటికొచ్చేస్తా అనవచ్చు. ఏదైనా జవాబే.

తండ్రిని అడగండి.

"ఏ కాలండీ?" అంటాడు. "ఫెన్సింగ్‌లో ముందు కాలే ముఖ్యం."